లీకుకు శంకుస్థాపన

ఉదయం ఏడున్నరకు నెమలి ఆగిపోయింది.

నల్లరాళ్ళపేట మున్సిపల్ పార్కులో ఉన్న ఆ నెమలి ఇనుముతో చేసింది. ఎత్తు ఎనిమిది అడుగులు. దానికి కరెంటు అక్కర్లేదు. ట్యాంకు కింది కొళాయి నుంచి పచ్చ రబ్బరు పైపులో వచ్చే నీళ్ళ తోపుడుకే దాని పింఛం గిర్రున తిరుగుతుంది. తిరుగుతూ చుట్టూ ఉన్న మూడు వందల మొక్కలకు నీళ్ళు చిమ్ముతుంది. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేని నీటి నెమలి మన ఊళ్ళో ఉందని మున్సిపాలిటీ వాళ్ళు బస్టాండులో బోర్డు పెట్టారు. ఊరికి నీళ్ళు నాలుగు రోజులకు ఒకసారి వస్తాయన్న సంగతి ఆ బోర్డు మీద లేదు.

తోటమాలి ఎర్రక్క వచ్చేసరికి పింఛం కదలడం లేదు. మెడ మాత్రం పైకీ కిందికీ ఊగుతోంది, మీటింగులో ముందు వరుసలో కూర్చున్న ఉద్యోగిలాగా. ఆమె పైపు వెంట నడుచుకుంటూ వెళ్ళి కొళాయి దగ్గర వంగింది. పైపూ కొళాయీ కలిసే నట్టు దగ్గర నీళ్ళు ధార కట్టి కారిపోతున్నాయి.

ఆమె అసిస్టెంట్ ఇంజినీరు చక్రపాణికి ఫోన్ చేసింది.

“సార్, నెమలి కాడ పైపు లీకయితా ఉండాది.”

“ఎంత లీకు?”

“నిమిషానికి ఒక చెంబు పోతాండాది సార్.”

“ఒక చెంబు. నోట్ చేసుకున్నా.”

అది ఆమె చేసిన మొదటి తప్పు. రెండో తప్పు పావుగంట తర్వాత చేసింది. పార్కు గేటుకు ఎదురుగా ఉన్న మస్తాన్ పంక్చరు షాపుకు వెళ్ళి, లారీ ట్యూబు ముక్క ఒకటి అడిగింది.

మస్తాన్ ముక్క కోసి ఇస్తూ, “ఎర్రక్కా, మున్సిపాలిటీ పని మున్సిపాలిటీనే చేయల్ల. మనం చేస్తే కేసు పెడతారు” అన్నాడు. ఎగతాళికి అన్న మాట అది. మధ్యాహ్నానికి నిజమైంది.

ఎర్రక్క కొళాయి కట్టేసి నట్టు విప్పింది. లోపలి వాషరు ఎండి, బిస్కెట్టులా విరిగి చేతిలోకి వచ్చింది. ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి, నడుమ బొక్క పెట్టి, దాని స్థానంలో కూర్చోబెట్టింది. వెనకే వచ్చిన మస్తాన్ పానా అందించబోయాడు.

“వద్దప్పా. ప్లాస్టిక్ నట్టు ఇది. చేత్తో బిగిస్తే చాలు, పానా పెడితే పగులుతాది.”

కొళాయి తిప్పింది. ఒక్క చుక్క కారలేదు. నెమలి పింఛం విదిల్చుకుని గిర్రున తిరిగింది. మొత్తం పని మూడు నిమిషాలు.

పదకొండింటికి జీపు వచ్చింది.

జీపులోంచి చక్రపాణి దిగాడు. ఆయన వెనక ఇద్దరు సాక్షులు, ఒక కెమెరా, కొలతల టేపు, ఎర్ర రంగు డబ్బా దిగాయి. లీకుకు పంచనామా చేసి నంబరు వేయడానికి వచ్చారు.

“లీకెక్కడ ఎర్రక్కా?”

“నిలిపేసినా సార్.”

“ఎవర్నడిగి?”

“నీళ్ళు పోతాంటే ఎవర్నడగల్ల సార్?”

చక్రపాణి పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూలబడ్డాడు. మంచివాడే. పదకొండేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోలేదు. రుమాలుతో మెడ తుడుచుకుని, జరిగిన ఘోరం ఏమిటో ఆమెకు వివరించాడు.

ఏడూ నలభైకి లీకు నమోదైంది. ఎనిమిదిన్నరకు అంచనా తయారైంది. తొమ్మిదింబావుకు కమిషనరు మంజూరు చేశారు. పదింటికి శిలాఫలకం చెక్కడానికి ఇచ్చేశారు. మున్సిపాలిటీ చరిత్రలో అంత వేగంగా ఏ ఫైలూ కదల్లేదు. కదిలిన ఒక్కసారీ ఇలా అయింది.

శిలాఫలకం ఎందుకో నల్లరాళ్ళపేట వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఏడాది కిందట కౌన్సిలు ఒక తీర్మానం చేసింది. పని ఎంత చిన్నదైనా సరే, ప్రజాప్రతినిధులు శంకుస్థాపన చేసిన పిమ్మట మాత్రమే ప్రారంభించవలెను. అప్పటినుంచీ ఊళ్ళో మాడిపోయిన ప్రతి వీధి దీపం కిందా ఒక నల్లరాతి పలక ఉంది. మూడో వార్డులో మురుగు కాలువ మూతకు పలక వేశారు. పలక మూతకన్నా పెద్దది కావడంతో, చివరికి కాలువ మీద దాన్నే మూతగా పెట్టారు.

“ఇప్పుడు శంకుస్థాపన కాకముందే పని అయిపోయింది. ఇదెక్కడి న్యాయం చెప్పు” అన్నాడు చక్రపాణి.

“నెమలి తిరుగుతాండాది కదా సార్.”

“అదే కదా వచ్చిన చిక్కు. దూరం నుంచి కూడా కనపడుతోంది.”

సాయంత్రం ఎర్రక్కను కమిషనరు వైకుంఠరావు ముందు నిలబెట్టారు. వైకుంఠరావు ఇంట్లో కాఫీ అడిగినా ఫైలు భాషలోనే అడుగుతాడని పేరు.

“చూడమ్మా. మీ సదుద్దేశాన్ని ఈ కార్యాలయం శంకించడం లేదు. అయితే శంకుస్థాపనకు పూర్వమే పని పూర్తయినట్లు రికార్డు ఏర్పడిన పక్షంలో, ఇక శంకుస్థాపన దేనికి అనే ప్రశ్న ఉత్పన్నమవుతుంది.”

“అవును సార్. దేనికి?”

“ఆ ప్రశ్న ఉత్పన్నం కారాదు.”

వైకుంఠరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“కనుక సదరు లీకును యథాపూర్వ స్థితికి పునరుద్ధరించవలసి ఉంటుంది. శంకుస్థాపన వరకు దానిని పరిరక్షించే బాధ్యత మీది. విఫలమైతే తొలగింపు.”

“శంకుస్థాపన ఎప్పుడు సార్?”

చక్రపాణి జేబులోంచి పంచాంగం తీశాడు. చైర్‌పర్సన్ గారు ముహూర్తం లేనిదే గడప దాటరు. ఇప్పుడు మూఢం నడుస్తోంది. మూఢం దాటితే ఆషాఢం. శ్రావణంలో మొదటి శుక్రవారం బాగుంది. మొత్తం డెబ్బయి రెండు రోజులు.

ఎర్రక్క వేళ్ళతో ఏదో లెక్క వేసుకుంది. తొమ్మిదేళ్ళుగా ఆ పార్కే ఆమె ఇంటికి అన్నం పెడుతోంది. ఇంట్లో ఉన్నది ఆమె, మంచం పట్టిన అత్త.

“సార్, అన్ని దినాలు నీళ్ళు పోతే ట్యాంకులో ఏముంటాది? మొక్కలు చస్తాయి. ముప్పై మొక్కలకు మించి చస్తే నన్ను తీసేస్తామని కాంట్రాక్టులో రాసుండారు.”

“ఆ లెక్క కూడా శంకుస్థాపన నాడే తీయిద్దాం. మీకు శ్రమ తగ్గుతుంది.”

“అంటే లీకు నిలిపితే తీసేస్తారు. నిలపకుంటే మొక్కలు చచ్చినాయని తీసేస్తారు.”

“మొదటిది క్రమశిక్షణా చర్య. రెండోది ఒప్పంద నిబంధన” అన్నాడు వైకుంఠరావు ఓపిగ్గా. “రెండూ వేర్వేరు సెక్షన్లు చూస్తాయి. కలిపి మాట్లాడకూడదు.”

మర్నాడు లీకు పునరుద్ధరణ జరిగింది.

ఎర్రక్క నట్టు విప్పి ట్యూబు వాషరును బయటికి తీసింది. పారేయడానికి మనసొప్పక, మెడలో దారానికి వేలాడే పిన్నీసుల గుత్తిలో ఒకదానికి గుచ్చుకుంది. తర్వాత నట్టు వదులుగా బిగించి కొళాయి తిప్పింది. ధార కట్టింది.

చక్రపాణి ఫైలు తెరిచాడు. “రికార్డు ప్రకారం నిమిషానికి ఒక చెంబు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఏ చెంబు?”

“ఇదే సార్. నేను నీళ్ళు తాగేది.”

స్టీలు చెంబు. అంచున ఒక సొట్ట. మెడ మీద చుక్కలు చుక్కలుగా ‘గం.లింగమ్మ’ అని చెక్కి ఉంది. అది ఎర్రక్క తల్లి పేరు. చక్రపాణి చెంబును ధార కింద పెట్టి గడియారం చూశాడు. యాభై రెండు సెకన్లకు నిండింది. ఆమె నట్టు కొంచెం బిగించింది. డెబ్బయి ఒకటి. కొంచెం వదిలింది. ఏడోసారికి సరిగ్గా అరవై సెకన్లకు నిండింది. సాక్షులు సంతకాలు పెట్టారు. నట్టు మీద లక్క కరిగించి సీలు వేశారు. కొళాయి కట్టడానికి వీల్లేకుండా దాని పిడి కూడా విప్పి తీసుకున్నారు. గోడమీద ఎర్ర రంగుతో రాశారు: ‘లీకు నం. 1. తాకరాదు.’

చక్రపాణి చెంబును గుడ్డసంచిలో వేసి మూతి కట్టాడు.

“నా చెంబు సార్?”

“అది ఇప్పుడు ప్రామాణిక చెంబు. రికార్డులో భాగం.”

“నేను దేంతో తాగల్ల?”

“దోసిలికి ఆటంకం లేదు” అన్నాడు చక్రపాణి. తర్వాత తన మాట తనకే బాగోలేక, జీపులోంచి ఒక వాటరు బాటిలు తెచ్చి ఇచ్చాడు.

ప్రతి సోమవారం ఆయన సంచీతో వచ్చేవాడు. చెంబు పెట్టి, సెకన్లు లెక్కపెట్టి, ‘లీకు క్షేమం’ అని రాసుకుని వెళ్ళేవాడు. ఒక సోమవారం చెంబు నిండడానికి తొంభై సెకన్లు పట్టింది. చక్రపాణి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తొంభై. వంగి చూస్తే, ధార దగ్గర వేపాకు ఈనె ఒకటి అడ్డం పడి ఉంది. ఊపిరి బిగబట్టి చీపురుపుల్లతో దాన్ని తొలగించాడు. మళ్ళీ అరవై.

లీకు క్షేమంగా ఉంది. మొక్కలు మాత్రం చస్తున్నాయి. ట్యాంకు నాలుగో రోజుకు ముందే ఖాళీ అవుతోంది, నెమలి మెడ కూడా ఊపడం మానేసింది. కొళాయి దగ్గర బురద గుంట, మిగతా పార్కంతా బూడిద. ముందు ఏడు మందారాలు పోయాయి. తర్వాత నందివర్ధనాలు. పదిహేడు. ఇరవై రెండు. ఇరవై ఆరు. క్యాలెండరులో మూఢం ఇంకా దాటలేదు. ఇంకో అయిదు మొక్కలు పోతే ఎర్రక్క పని పోయినట్టే.

ఇరవై ఆరో మొక్క పీకేసిన రోజు ఆమె మస్తాన్ షాపు ముందు టైరు మీద కూర్చుంది.

“బకెట్లతో పొయ్యరాదా అక్కా?” అన్నాడు మస్తాన్.

“యాడ నీళ్ళుండాయి పొయ్యనీకి? అంతా కారిపాయె.”

“కారి యాడికి పోతాండాది?”

ఎర్రక్క తలెత్తి మస్తాన్ వైపు చూసింది. తర్వాత గేటులోంచి బురద గుంటను చూసింది. ఆమె అన్నకు బత్తాయి తోట ఉంది. నాలుగెకరాలకు డ్రిప్పు పెట్టించాడు. చెట్టు మొదట్లో బొట్టు బొట్టుగా నీళ్ళు పడితే ఎండల్లో కూడా కాయ నిలుస్తుందని ఊరందరికీ చెబుతుంటాడు.

“మస్తానూ, లీకును తాకొద్దని రాసినారు. కారినంక ఆ నీళ్ళను తాకొద్దని యాడన్నా రాసినారా?”

“లేదు.”

“పనికిరాని ట్యూబులుంటే తీయి.”

మస్తాన్ గుట్ట లాగాడు. సైకిలు ట్యూబులు, స్కూటరు ట్యూబులు, ఒక ఆటో ట్యూబు. కోసి ఒకదానికొకటి తొడిగి దారాలతో కట్టారు. మొక్క మొక్కకూ ఒక చిల్లి వచ్చేలా మస్తాన్ మేకు కాల్చి పొడుస్తూ పోయాడు.

“ముప్పై ఏండ్లు బొక్కలు మూసినా. నీ పుణ్యాన ఈ పొద్దు బొక్కలు పెడతాండా.”

“ఏడవద్దు. పెట్టు.”

లక్క సీలును ఆమె వేలితో కూడా తాకలేదు. దాని కింద ఒక తొట్టి పెట్టి, దానికి ట్యూబు తగిలించి, నేల వాలు చూసుకుని మొక్కల మధ్య నుంచి పాము నడిచినట్టు తిప్పింది. నిమిషానికి ఒక చెంబు. ట్యాంకులో నీళ్ళున్న రోజు పద్నాలుగు వందల నలభై చెంబులు. రెండు వందల డెబ్బయి నాలుగు మొక్కలకు తలా అయిదు చెంబులు. నెమలి చిమ్మినప్పుడు సగం గాలికి పోయేది. ఇప్పుడు చుక్క చుక్కా వేరుకే పోతోంది. పదో రోజుకు మిగిలిన మందారాలకు చిగుళ్ళు వచ్చాయి. ఇరవయ్యో రోజుకు, నెమలి తిరిగినప్పుడు ఎన్నడూ పూయని కనకాంబరాలు పూశాయి.

తొట్టినీ ట్యూబులనూ చూసి కూడా ‘లీకు క్షేమం’ అనే రాసుకుంటూ వచ్చిన చక్రపాణి, ఆ సోమవారం పూలు చూసి, పరుగున కమిషనరు దగ్గరికి పోయాడు.

వైకుంఠరావు చాలాసేపు ఆలోచించాడు. “లీకు అనగా వృథాగా పోవు నీరు. ఇక్కడ నీరు వృథా కావడం లేదు. కనుక ఇది లీకు కాదు, సరఫరా. సరఫరాకు మరమ్మతు ఎలా మంజూరు చేశారని ఆడిట్ వారు అడిగితే?”

“ట్యూబులు పీకించేద్దామా సార్?”

“పీకిస్తే మొక్కలు చనిపోతాయి. అన్ని పూలు చూశాక మనమే చంపామన్న అపవాదు వస్తుంది. మధ్యేమార్గంగా, పాక్షిక వృథా.”

అలా అటెండరు చౌడప్పకు కొత్త డ్యూటీ పడింది. రోజూ పదిన్నరకు పార్కుకు వచ్చి, తొట్టిలోంచి పది మగ్గుల నీళ్ళు ముంచి, రోడ్డు మీద పారబోసి, రిజిస్టరులో ‘వృథా జరిగినది’ అని రాసి సంతకం పెట్టాలి. చౌడప్ప రైతు బిడ్డ. మొదటిరోజు చెప్పినట్టే రోడ్డు మీద పారబోశాడు. రెండో రోజు నుంచి రోడ్డు పక్కనున్న కానుగ చెట్టు మొదట్లో పోసి, రిజిస్టరులో మాత్రం వృథా అని రాసేవాడు. అడిగితే, “కానుగ మన పార్కు లెక్కలో లేదు కదక్కా” అన్నాడు.

శ్రావణ శుక్రవారం రానే వచ్చింది.

షామియానా వేశారు. శిలాఫలకం మూడడుగుల ఎత్తు. దాని మీద పదకొండు పేర్లు, ‘వాషరు మార్పిడి పనులకు శంకుస్థాపన’ అన్న అక్షరాలు. కొళాయి దాని వెనక ఎక్కడో ఉంది. ట్యూబులు కనపడకుండా ఎర్ర తివాచీ పరిచారు. తివాచీ తడిసి, చైర్‌పర్సన్ గారు నడిచినంత మేరా చెప్పుల కింద చపచపమని చప్పుడు చేసింది. అందరూ ఆ చప్పుడు విననట్టే నడిచారు.

కొబ్బరికాయ కొట్టారు. తర్వాత మొక్కల లెక్క. చౌడప్ప గట్టిగా లెక్కపెట్టాడు. రెండు వందల డెబ్బయి నాలుగు. పోయినవి ఇరవై ఆరు. ఎర్రక్క పిన్నీసుల గుత్తిని పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉంది. ఆ అంకె విన్నాక పిడికిలి వదిలింది.

చైర్‌పర్సన్ గారు కనకాంబరాల దగ్గర ఆగారు. “మా ఇంట్లో మోటారు పెట్టి తడిపినా ఇట్ల పూయవే. ఏం వేస్తావమ్మా?”

“ఏమీ వెయ్యలేదు తల్లీ. అంతా ఆ లీకు నీళ్ళే.”

వైకుంఠరావు కళ్ళు మూసుకున్నాడు. చైర్‌పర్సన్ గారు మాత్రం మైకు అందుకున్నారు. ఇంత గొప్ప సంగతి ఇన్నాళ్ళూ మనకు తెలియలేదన్నారు. మన పట్టణంలోని పదకొండు పార్కుల్లోనూ ఈ నెలాఖరుకల్లా లీకులు ఏర్పాటు కావాలన్నారు. పథకం పేరు ‘ఇంటింటికీ చెంబు ధార’. పార్కులకూ ఇంటింటికీ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది వైకుంఠరావు.

చైర్‌పర్సన్ గారి కారు కదలగానే కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. శంకుస్థాపన అయింది కదా, పని చేయాలి. మంజూరైన ఇత్తడి నట్టు కొళాయికి పెద్దదైంది. సరే, పాత నట్టులోనే కొత్త వాషరు వేసి, మూరెడు పానాతో రెండు చుట్లు బిగించాడు. ఫట్ మని నట్టు పగిలింది. నీళ్ళు శిలాఫలకం మీదికి ఎగజిమ్మాయి. పదకొండు పేర్లూ తడిశాయి.

“పక్కకు జరుగు నాయనా” అంది ఎర్రక్క. మస్తాన్ దగ్గర అలాంటిదే పాత ప్లాస్టిక్ నట్టు ఉంది. పిన్నీసు విప్పి తన ట్యూబు వాషరు తీసి లోపల పెట్టి, చేత్తో బిగించింది. ధార ఆగింది. కాంట్రాక్టరు మనిషి ‘పని సంతృప్తికరంగా పూర్తయినది’ అన్న కాగితం మీద చక్రపాణి సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. చక్రపాణి కొళాయి పిడి తిరిగి ఇచ్చేశాడు.

కథ ఇక్కడ ముగియాలి. కానీ వారం తర్వాత చక్రపాణి రెండు జేబుల్లో రెండు కాగితాలతో వచ్చాడు.

“ఎర్రక్కా, నీ కాంట్రాక్టు పొడిగింపు ఫైలు కమిషనరు టేబులు మీదుంది. రెండు రిపోర్టులు వస్తే సంతకం పెడతారు. రేపు పొద్దున పదింటికి క్వాలిటీ వాళ్ళు వస్తారు. లీకు పూర్తిగా ఆగిందా లేదా చూస్తారు. చుక్క కారినా ఫెయిలు.”

“రానీ సార్. కారదు.”

“మధ్యాహ్నం మూడింటికి చెంబు ధార పథకం వాళ్ళు వస్తారు. లీకు నంబరు ఒకటి ఆదర్శ లీకు. పది పార్కుల వాళ్ళు దాన్ని చూసి నేర్చుకోవాలి. కారకపోతే ఫెయిలు.”

“ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరా సార్?”

“వేర్వేరు సెక్షన్లు” అన్నాడు చక్రపాణి నేల చూపులు చూస్తూ.

మర్నాడు పదింటికి నెమలి గిర్రున తిరుగుతోంది. క్వాలిటీ వాళ్ళు నట్టు కింద తెల్లకాగితం పరిచి పది నిమిషాలు నిలబడ్డారు. కాగితం తడవలేదు. శభాష్ అనుకున్నారు. జీపు మలుపు తిరగ్గానే ఎర్రక్క నట్టు విప్పి వాషరును పిన్నీసుకు తగిలించింది. మూడింటికి పథకం వాళ్ళు గుడ్డసంచిలోంచి ప్రామాణిక చెంబు తీసి ధార కింద పెట్టారు. సరిగ్గా అరవై సెకన్లు. ఆమె చేతికి ఆ కొలత అలవాటైపోయింది. ఫొటోలు తీసుకున్నారు. మిగిలిన పది పార్కుల వాళ్ళు బాగున్న తమ కొళాయిలను ఎలా పాడుచేయాలో నోట్సు రాసుకున్నారు.

ఆ సాయంత్రమే కాంట్రాక్టు మీద సంతకం పడింది. ఇంకో మూడేళ్ళు. చక్రపాణి స్వయంగా కాగితం తెచ్చి ఇచ్చాడు. ఎర్రక్క దాన్ని రెండుసార్లు మడిచి జాకెట్టులో దాచుకుంది.

“మరి నా చెంబు సార్?”

“పదకొండు పార్కులకూ అదే కొలత ఎర్రక్కా. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. మీ అమ్మ పేరు మీదే సర్క్యులర్ వెళ్ళింది. ఒక లింగమ్మ అంటే ఒక నిమిషం ధార.”

ఎర్రక్క పమిటతో మొహం తుడుచుకుని నవ్వింది. బతికినన్నాళ్ళూ ఆమె తల్లిని ఏ ఆఫీసు వాళ్ళూ పేరు పెట్టి పిలవలేదు.

“సరే గానీ సార్, రేపటి నుంచి ఏం చేయల్ల? కారల్నా, నిలవల్నా?”

చక్రపాణి కుడి జేబు తడుముకున్నాడు. ఎడమ జేబు తడుముకున్నాడు. రెండు కాగితాలూ బయటికి తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

ఆయన జవాబు కోసం ఎర్రక్క ఆగలేదు. కనకాంబరం మొదట్లో వేలు గుచ్చి చూసింది. మన్ను తడిగా ఉంది, ఈ పూటకు చాలు. పిన్నీసు విప్పి, వాషరు తీసి, కొళాయి వైపు నడిచింది.